గోడ అవతలి చప్పుడు

పియానోలు శ్రుతి చేస్తాను నేను, కౌనస్‌లో.
బడుల్లో, చర్చి వెనక గదుల్లో,
వాయించేవాళ్ళు పోయిన ఇళ్ళల్లో.
రెండొందల చిల్లర తీగల్లో ఒక్కటి
వెంట్రుకవాసి దిగినా
ముందు నా దవడ ఎముక కనిపెడుతుంది,
చెవి తర్వాత.

మా ఫ్లాట్ గోడలు పలచన.
అవతల మా ఉగ్నే గోళ్ళు ఫోన్ అద్దం మీద ఆడే చప్పుడు
నాకు కంఠతా వచ్చు.
నవ్వుతూ కొడితే చినుకులు, వరసా వావీ లేకుండా.
రూతాతో పోట్లాటైతే ఒక్కో అక్షరం ఒక్కో మేకు.
ఈ నవంబరులో కొత్తదొకటి మొదలైంది.
కొట్టడం. ఆగడం. చెరపడం.
చాలాసేపు ఏమీ లేదు.
మళ్ళీ రెండే రెండు అక్షరాలు.

"ఎవరితో?" అన్నాను రై రొట్టె కోస్తూ.
"ఎవరూ కాదు."
పద్నాలుగేళ్ళ పిల్ల ఎవరూ కాదు అందంటే
ఆ ఎవరూ కానివాడికి
ఒక పేరుంది, గిటారు పట్టుకున్న ఫొటో ఉంది,
పదహారో పదిహేడో వయసుంది.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
లాగాను. రౌటర్ తీగ, ప్లగ్గుతో సహా,
గోడ పెచ్చు ఊడేలా.
డొంక కదల్లేదు.
లేచి కోటు వేసుకుని
నాలుగో అంతస్తు మెట్ల మీదికి మకాం మార్చింది,
ముసలి యద్వీగా వైఫై కిందికి.
ఆవిడ కుక్క పేరే పాస్‌వర్డ్ అని
ఈ బిల్డింగంతటికీ తెలుసు.

బిగిసిన తీగని ఒక్క ఊపున తిప్పకు,
తెగి నీ మొహానికే తగులుతుంది:
నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకి
మొదటిరోజే చెప్పే మాట.
ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను.

దాని బూట్లు పట్టుకుని పైకెక్కాను.
రెండు మెట్లు కింద కూర్చున్నాను.
ఫోన్ అడగలేదు.
నా పంతొమ్మిదో ఏట
లేని ఓడలో లేని ఉద్యోగానికి
సూటు వేసుకున్న పెద్దమనిషి చేతిలో
రెండు నెలల జీతం పెట్టిన కథ చెప్పాను.
"నానమ్మకి తెలుసా?"
"చెప్పలేదు. ఆ చెప్పకపోవడానికే
డబ్బుకంటే ఎక్కువ ఖర్చయింది."

మెట్లదీపం దానంతటదే ఆరింది. ఎవరూ లేచి వెయ్యలేదు.
"అరవనంటే చూపిస్తా."
"లోపల అరుస్తాను. బయటికి రాదు."

రాక్షసుణ్ణి ఊహించుకున్నాను.
నలభై రోజుల పాటు *తిన్నావా* అని అడిగినవాడు కనిపించాడు.
నేనెన్నిసార్లు అడిగానో
లెక్క వెయ్యబోయి మానుకున్నాను.
తర్వాత: *మీ నాన్నకి నువ్వు అర్థం కావులే.*
తర్వాత: *ఒక్క ఫొటో. ఎవరికీ చూపించను.*
తర్వాత: *ఇంకోటి పంపకపోతే*
*మీ క్లాసంతా పాతది చూస్తుంది.*

చెరిపెయ్యబోయింది. చెయ్యి పట్టుకున్నాను.
"ఉంచు. అతనికి జవాబివ్వకు. ఇది మనకి పనికొస్తుంది."
నా గొంతు అరస్వరం దిగింది.
దానికి వినబడే ఉంటుంది, నా కూతురు కదా.

పొద్దున్నే ట్రాలీబస్సులో స్టేషన్‌కి.
జలుబుతో ముక్కు ఎర్రబడ్డ పోలీసమ్మాయి
రెండువేళ్ళతో టైపు చేస్తూ
"చెప్పావుగా, మిగతాది మా పని" అంది ఉగ్నేతో.
నా వంక చూడనేలేదు.
గిటారు ఫొటో ఏ దేశంలోని
ఎవరి పిల్లాడిదో, ఆ తల్లికీ తెలియదట.
వాడు దొరికాడా అంటే, ఇంకా లేదు.

రాత్రి పదికి ఫోన్లు రొట్టెల డబ్బాలో పడుకుంటాయి.
రెండూ.
మూడోరోజు గొణిగింది ఉగ్నే అనుకునేరు,
నేనే.

నిన్న బడి పియానో పెడల్ కింద తల పెట్టి ఉండగా
జేబులో ఫోన్ వణికింది.
*నాన్నా, ఆట గ్రూపులో కొత్తవాడు చేరాడు.*
*మా ఇల్లెక్కడని రెండుసార్లు అడిగాడు.*
*ఇంటికొచ్చాక చూస్తావా?*
కింద పిల్లి బొమ్మ ఒకటి, మీసాలు పైకి.

ఇంటికెళ్ళి తలుపు కొట్టాను.
"తెరిచే ఉంది" అంది.
శ్రుతి కుదిరిందని అనను.
పియానో అయితే ఆర్నెల్లు నిలుస్తుంది.